పాయింట్లు అడిగాను, పాయింట్లే ఇచ్చారు

పనిని చిన్న చిన్న విడతల్లో చేస్తూ ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే ఎజైల్ పద్ధతిని సాఫ్ట్‌వేర్ టీములకు అలవాటు చేయించడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈ పని చేసేవాళ్లను ఎజైల్ కోచ్ అంటారు. ఆ హోదాలో నేను చాలాకాలం చేసిన పనివల్ల టీములకు మేలు జరగలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. అప్పట్లో ఆ సంగతి నాకు తెలియలేదు. అంతా బాగుపడుతోందని నా చార్టులు చెప్పేవి. ఆ చార్టులు గీసిందీ నేనే, నమ్మిందీ నేనే. నా తెలివితక్కువతనం వల్ల నష్టపోయింది మాత్రం వేరేవాళ్లు. అందుకే దాన్ని నాలోనే దాచుకోవడం సబబు కాదనిపించింది.

ఎజైల్ గురించి నేను చదవక చెడింది లేదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కూర్చుని ఒక ప్రకటన రాశారని తెలుసు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ ఆ గుంపులో ఉన్నారని తెలుసు. ఆ ప్రకటనలోని 4 విలువలు, దాని వెనకున్న 12 సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పద్ధతుల కంటే, పనిముట్ల కంటే మనుషులూ, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమూ ముఖ్యమన్నది ఆ నాలుగింట్లో మొదటిది. ఆ మాటను శిక్షణ తరగతుల్లో ఎంతో ఇష్టంగా చెప్పేవాణ్ణి. తీరా ఒక టీమ్ చేతికొచ్చేసరికి మొదటి వారంలోనే పనిముట్టు తెరిచాను, బోర్డు మీద గళ్లు గీశాను, అందరి క్యాలెండర్లలోనూ సమావేశాలు పెట్టేశాను. మీకు ఇక్కడ ఏది కష్టంగా ఉందని ఒక్కరినీ అడగలేదు. నేను వచ్చింది జవాబులతో. వాళ్ల ప్రశ్న ఏమిటో తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

రోజూ పొద్దున 9:30కి స్టాండప్. అందరూ నిలబడాలి, 15 నిమిషాల్లో ముగించాలి, ప్రతి ఒక్కరూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా. ఆ టీముకు అమెరికా క్లయింట్‌తో రాత్రి కాల్స్ ఉండేవి. పది, పదకొండింటి దాకా ఫోన్లో మాట్లాడి, మర్నాడు పొద్దున్నే బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని వచ్చి నా ముందు నిలబడేవాళ్లు. స్టాండప్‌ను మధ్యాహ్నానికి జరపమని ఎవరూ అడగలేదు. అడగవచ్చని వాళ్లకు అనిపించేలా నేను ఉండలేదు. మాట్లాడేటప్పుడు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కారు. అందరి చూపూ నావైపే. నేను పేరు పిలవడం, వాళ్లు చెప్పడం, నేను తలూపడం, అంతే.

ఆ టీములో ఒక టెస్టర్ ఉండేవారు. ఆమె వంతు రాగానే "ఎన్విరాన్‌మెంట్ ఇంకా రాలేదు సర్" అనేవారు. డెవలపర్లు రాసిన కోడ్‌ను పరీక్షించడానికి కావలసిన సర్వర్ ఆమెకు దొరకలేదని అర్థం. ఆ సర్వర్‌ను మరికొన్ని టీములతో పంచుకోవాలి, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. "అది విడిగా మాట్లాడుకుందాం" అని నేను తర్వాతి పేరు పిలిచేవాణ్ణి, 15 నిమిషాలు దాటిపోకూడదని. విడిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె మర్నాడూ అదే చెప్పేవారు. రోజూ ఒకే మాట చెబుతున్నారు కాబట్టి ఆమెకు చొరవ తక్కువని నా నోట్సులో రాసుకున్నాను. ఆ పావుగంటలో వినదగిన మాట ఏదైనా ఉందంటే అది ఆమెదే. ఆ టీమ్ పని ఎక్కడ ఇరుక్కుపోయిందో ఆమె రోజూ వేలుపెట్టి చూపిస్తుంటే, నేను గడియారం చూసుకున్నాను. స్టాండప్ అనేది పనిచేసేవాళ్లు తమలో తాము ఆ రోజు పనిని సర్దుకోవడానికి పెట్టుకునేది. 2020లో, స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతికి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్‌ను సవరించినప్పుడు దాన్ని రాసినవాళ్లే ఆ మూడు ప్రశ్నలను తీసేశారు. నేను మాత్రం ఆ తర్వాత కూడా కొంతకాలం వాటిని అడుగుతూనే ఉన్నాను.

ఇంతకంటే పెద్ద తప్పు అంకెలతో చేశాను. ఎజైల్ టీములు పని పెద్దదా చిన్నదా అన్నది రోజుల్లో కాకుండా స్టోరీ పాయింట్లలో చెప్పుకుంటాయి. 1, 2, 3, 5, 8, 13 అని రాసిన చీట్లు పట్టుకుని అందరూ ఒకేసారి చూపిస్తారు. అంకెలు బాగా తేడాగా ఉంటే ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకుంటారు. ఆ మాటల్లోనే అసలు లాభముంది. కొత్తగా చేరిన కుర్రాడు 13 చూపించి సీనియర్ 3 చూపిస్తే, ఇద్దరిలో ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదన్నమాట. ఒక స్ప్రింట్‌లో (అంటే రెండు వారాల పని విడతలో) పూర్తయిన పాయింట్ల మొత్తాన్ని వెలాసిటీ అంటారు. వచ్చే రెండు వారాల్లో ఎంత పని నెత్తిన వేసుకోవచ్చో టీమ్ తనకు తాను అంచనా కట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఒక టీమ్ 3 అన్న పనిని పక్క టీమ్ 8 అనవచ్చు. ఇద్దరిదీ తప్పు కాదు. కాబట్టి ఒక టీమ్ వెలాసిటీని మరో టీమ్ వెలాసిటీ పక్కన పెట్టడంలో అర్థం లేదు. ఇది మొదటి పాఠంలోనే చెబుతారు, నేనూ చెప్పాను.

అంత తెలిసీ నేను అన్ని టీముల వెలాసిటీలతో ఒక పట్టిక చేసి పై మేనేజర్లకు నెలనెలా పంపాను. వాళ్లు అడిగారు, నేను ఇచ్చాను. నా పని కనిపించాలన్న ఆశ కూడా అందులో ఉంది. పట్టికలో అడుగున ఉన్న టీముల లీడ్లను పిలిచి మాట్లాడడం మొదలైంది. ఆ తర్వాత అదే అంకె అప్రైజల్ ఫారాల్లోకి చేరింది. అప్పటినుంచి అన్ని టీముల వెలాసిటీ పెరుగుతూ పోయింది. నేను సంతోషించాను. గీత పైకి వెళ్తున్న బొమ్మను తెర మీద చూపించి, ఎజైల్ వల్ల పని ఇంతగా వేగం పుంజుకుందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. క్లయింట్‌కు మాత్రం ముందుకంటే ఎక్కువేమీ అందడం లేదు. నిన్న 3 అన్న పని ఇవాళ 8 అయింది, అంతే. చాలా రోజుల తర్వాత ఒక లీడ్‌ను, ఎందుకలా పెంచారని అడిగాను. "మీరు అడిగినవి పాయింట్లే కదండీ, పాయింట్లే ఇచ్చాం" అన్నారాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పిల్లల ఫీజులు, ఇంటి లోను వాయిదాలు ఉన్న పదిమందిని కాపాడుకోవడానికి ఆయన చేయగలిగినది అదే.

ఒక కొలతను మనుషులను అదుపుచేయడానికి వాడడం మొదలుపెడితే అది కొలతగా పనికిరాకుండా పోతుందని చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లోనే చెప్పారు. స్నోబర్డ్ ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని 2019లో రాశారు. ఆయన విచారించింది నాలాంటివాళ్ల చేతుల్లో పడి అవి ఏమయ్యాయో చూసే. టీమ్ తనలో తాను మాట్లాడుకోవడానికి పెట్టుకున్న అంకెను నేను తీసుకెళ్లి జీతాలు తేల్చేవాళ్ల బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత ఆ టీమ్ నిజమైన అంకె చెబుతుందని ఆశించడం అన్యాయం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఒక రెట్రో. స్ప్రింట్ చివర ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, ఏం మార్చుకుందాం అని మాట్లాడుకునే సమావేశం అది. మొదలుపెట్టే ముందు, ఎవరికి వాళ్లు తమకు అప్పటికి తెలిసినంతలో, ఉన్న వనరులతో, చేతనైనంత బాగా చేశారని మనం నమ్ముదాం అన్న అర్థంలో నార్మ్ కెర్త్ 2001లో తన పుస్తకంలో రాసిన మాట చదివి వినిపించేవాణ్ణి. ఆ గదిలో మేనేజర్ కూడా కూర్చునేవారు. అది తప్పని నాకు తట్టలేదు. ఒకరోజు, కాలేజీ నుంచి వచ్చి ఎంతోకాలం కాని ఒక డెవలపర్ లేచి, "క్లయింట్‌కు తేదీ ముందే చెప్పేశారు కదా, మరి మమ్మల్ని అంచనాలు ఎందుకు అడుగుతున్నారు?" అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. నేను అతన్ని మెచ్చుకున్నాను. పారదర్శకత ఎజైల్‌కు ప్రాణం అనుకుంటూ, ఆ మాటను అతని పేరుతో సహా మినిట్స్‌లో రాసి అందరికీ మెయిల్ పంపాను. కొన్నాళ్లకు అతన్ని వేరే ప్రాజెక్టుకు మార్చారు. టీములో కలిసిపోవడం లేదన్న మాట ఆ ఏటి అతని అప్రైజల్‌లో చేరింది.

ఆ తర్వాత రెట్రోల్లో ఫిర్యాదులు తగ్గిపోయాయి. బోర్డు మీద రంగు చీటీలు మాత్రం వచ్చేవి. టీమ్ లంచ్ బాగుంది, సీనియర్లు సహకరిస్తున్నారు, ఇలాంటివి. సమస్యలు తగ్గుతున్నాయని నేను నివేదిక రాశాను. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాల మీద పరిశోధన చేస్తూ ఒక వింత గమనించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో మందులు ఇవ్వడంలో జరిగిన పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ నర్సులు తప్పులు ఎక్కువ చేసినందువల్ల కాదు. తప్పు జరిగిందని చెప్పడానికి భయపడకపోవడమే కారణం. దీన్ని బట్టి చూస్తే మా బోర్డు మీద సమస్యలు కనిపించకపోవడం మంచి గుర్తు కాదు. మన దగ్గర పెద్దవాళ్లు కూర్చున్న గదిలో చిన్నవాడు ఎదురు చెప్పడం మామూలు విషయం కాదు. ఇంట్లో, బడిలో, కాలేజీలో ఎక్కడా అతనికి ఆ అలవాటు లేదు. అలాంటివాడు గుండె చిక్కబట్టుకుని ఒక్కసారి నోరు విప్పితే, ఆ మాటను కాపాడాల్సినవాణ్ణి నేను. దాన్ని మెయిల్‌లో పెట్టి పంపించేశాను.

నా తప్పుల మూలం ఎక్కడుందో తెలిసింది డేవిడ్ ఆండర్సన్ 2010లో, ఒకేసారి చేతిలో ఉండే పనులకు హద్దు పెట్టే పద్ధతైన కాన్‌బాన్ మీద రాసిన పుస్తకం చదివాక. అందులో ఒక టీమ్ కథ ఉంది. మైక్రోసాఫ్ట్ తన ఉద్యోగులు లోపల వాడుకునే అప్లికేషన్లలో చిన్న చిన్న మార్పులు, మరమ్మతులు చేసే పని 2004లో ఒక చిన్న టీముకు అప్పగించింది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. వాళ్లు పనిచేసింది హైదరాబాద్‌లో. నేను రోజూ తిరిగే ఊళ్లో. 80కి పైగా పనులు వరుసలో పేరుకుపోయాయి. మార్పు కావాలని అడిగితే చేతికి అందడానికి సుమారు 5 నెలలు పట్టేది. అప్పుడు డ్రాగోస్ దుమిత్రియు అనే మేనేజర్ ఆ బాధ్యత తీసుకుని, ఆండర్సన్ సలహాతో పని నడిచే దారిని పరిశీలించారు. అడిగిన ప్రతి మార్పుకూ ఎంత కాలం పడుతుందో రెండు రోజుల్లో అంచనా వేసి చెప్పాలన్న నియమం ఉంది. ఆ అంచనాలకే టీమ్ శక్తిలో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, హరించుకుపోతోంది. అలా అంచనా వేసిన పనుల్లో చాలావాటిని చివరికి ఎవరూ చేయించుకోవడం లేదు.

వాళ్లు ఆ అంచనాలు మానేశారు. ఒకేసారి చేతిలో ఎన్ని పనులుండాలో హద్దు పెట్టుకున్నారు. ఖాళీ ఏర్పడినప్పుడు తర్వాత ఏ పని తీసుకోవాలో, పని అడిగే విభాగాలవాళ్లే వారానికోసారి మాట్లాడుకుని తేల్చేవారు. 2005 చివరికి 5 నెలల పని సుమారు 2 వారాల్లో అందసాగింది. ఆ ఇంజనీర్లు కోడ్ రాసే తీరునూ, పరీక్షించే తీరునూ ఎవరూ మార్చలేదు. వాళ్లకు ఎవరూ హితబోధ చేయలేదు. వాళ్ల బల్ల దాకా పని ఎలా వస్తోందన్నదే మార్చారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, అవి పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుందని జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన లెక్క ఇక్కడ కళ్లముందు నిలిచింది. ఎక్కువ మొదలుపెడితే ఎక్కువ ఆలస్యమవుతుంది.

కాలువ చివరి పొలానికి నీళ్లు అందకపోతే ఊళ్లో ఎవరూ ఆ రైతుకు చొరవ తక్కువ అనరు, పైన ఏ తూము దగ్గర పూడిక పడిందో చూడడానికి వెళ్తారు. నేను ఇన్నాళ్లూ చివరి పొలం దగ్గర నిలబడి రైతుకు పాఠాలు చెప్పాను. అప్పుడు గుర్తొచ్చారు ఆ టెస్టర్. వెళ్లి, పూర్తయిన కొన్ని పనులు తీసుకుని ఒక్కొక్కటి ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఎవరి చేతిలో ఉంది, ఏ రోజు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది అని ఆమెతో కలిసి గీసి చూశాను. పని జరిగిన రోజులకంటే పడి ఉన్న రోజులే ఎక్కువ. అందులో పెద్ద భాగం ఆ సర్వర్ కోసం ఎదురుచూసినవే. ఇద్దరు డెవలపర్లు మామూలు పని కొంత పక్కనపెట్టి, ఎవరికి కావలసినప్పుడు వాళ్లకు సొంత టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ దానంతట అదే తయారయ్యేలా స్క్రిప్టులు రాశారు. దానికి మేనేజర్ల దగ్గర అనుమతి తెచ్చింది మాత్రమే నా వంతు. ఆ తర్వాత ఆమె బగ్గులను అదే రోజు పట్టుకోసాగారు. ఇంకొన్నాళ్లకు డెవలపర్ కోడ్ మొదలుపెట్టకముందే పక్కన కూర్చుని, ఈ సందర్భంలో ఏమవుతుంది, ఆ సందర్భంలో ఏమవుతుందని అడగసాగారు. చొరవ ఆమెలో మొదటినుంచీ ఉంది.

కోడ్ సంగతి నేను పట్టించుకోకపోవడం మరో అవివేకం. రెండు వారాలకోసారి స్ప్రింట్ ముగిసిందని ప్రకటించేవాళ్లం. ఆ కోడ్ మూడు నెలలకోసారి, శనివారం రాత్రి జరిగే రిలీజ్ దాకా కదిలేది కాదు. ఆ రాత్రి ఏదో ఒకటి విరిగేది, ఆదివారం కూడా ఆఫీసులోనే గడిచేది. వాడేవాడి చేతికి చేరని పనిని పూర్తయిందని లెక్కవేశాను. కెంట్ బెక్ 1996లో క్రైస్లర్ కంపెనీ జీతాల ప్రాజెక్టులో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఎజైల్ పద్ధతికి రూపమిచ్చినప్పుడు, ముందే పరీక్షలు రాసుకోవడం, ఇద్దరు కలిసి కోడ్ రాయడం, రాసినదాన్ని వెంటవెంటనే కలిపి చూసుకోవడం దానికి వెన్నెముక. వీటిని వదిలేసి సమావేశాలు మాత్రమే పెట్టుకునే టీములు కొన్నాళ్లకు చిక్కుపడిన కోడ్‌లో కూరుకుపోతాయని మార్టిన్ ఫౌలర్ 2009లోనే హెచ్చరించారు. నాకు సమావేశం నడపడం వచ్చు కాబట్టి సమావేశాలే నేర్పాను. తెలిసినదే ముఖ్యమనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

ఇక్కడ తెలివితక్కువతనం ఒక్కటే లేదు, పిరికితనమూ ఉంది. ఏం చేయాలో, ఎన్నాళ్లలో చేయాలో, ఎంత డబ్బుకు చేయాలో మూడూ కాంట్రాక్టులో ముందే బిగించేసిన ప్రాజెక్టుకు ఎజైల్ అని పేరు పెడితే, మార్పును భరించే భారమంతా ఇంజనీర్ల రాత్రుల మీద పడుతుంది. ఈ మాట నేను కాంట్రాక్టు రాసేవాళ్లకు చెప్పాలి. చెబితే నా ఉద్యోగం అవసరమా అన్న ప్రశ్న వస్తుందని భయపడ్డాను. పైవాళ్లను అడగలేని ప్రశ్నలన్నీ కిందివాళ్లను అడిగాను. టీములు మార్పుకు ఎదురు తిరుగుతున్నాయని కోచ్‌లు అంటుంటారు, నేనూ అన్నాను. ఎదురు తిరగడానికి వాళ్లకు మంచి కారణమే ఉంది.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. ఫోన్ చేసి, ఆ మెయిల్ పంపినది నా తప్పని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అన్నా, ఆరోజు నేను అన్నది నిజమా కాదా, అది చెప్పండి" అన్నాడు. నిజమేనన్నాను. ఆ మాట అదే గదిలో, ఆ మేనేజర్ ముందు, ఆరోజే నేను అని ఉండాల్సింది. అతని అప్రైజల్‌లో ఆ ఏడాది రాసిన వాక్యాన్ని నేను ఇప్పుడు తుడిపివేయలేను.

ఇప్పుడు టీముల అంకెలు టీముల దగ్గరే ఉంటాయి. పైవాళ్లు అడిగితే, పని మొదలుపెట్టిన రోజు నుంచి వాడేవాళ్ల చేతికి చేరిన రోజు దాకా ఎంత పట్టింది, దారిలో ఎక్కడ ఆగింది అన్నది చూపిస్తాను. ఆగిన చోట చాలాసార్లు వాళ్ల సంతకమే కావలసి ఉంటుంది. రెట్రోకు మేనేజర్లు రారు. అక్కడి మాట బయటికి వెళ్లాలంటే ఏది, ఎలా వెళ్లాలో టీమే తేలుస్తుంది, పేర్లు వెళ్లవు. దీనికి ఒప్పుకోని చోట పని తీసుకోను.

ఈ రంగంలో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీకు ఎజైల్ నేర్పడానికి ఎవరైనా వస్తే మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి. మా అంకెలు ఎవరెవరు చూస్తారు? మా పని ఎక్కడ ఆగుతోందో చూశారా? ఇక్కడ మేం అన్న మాట మా పేరుతో బయటికి వెళ్తుందా? వీటికి సూటిగా జవాబు వచ్చేదాకా ఏ బోర్డు మీదా మీ అంకె వేయకండి. అడిగితే కోచ్‌కు కోపం రావచ్చు. అప్పట్లో నన్ను అడిగి ఉంటే నాకూ వచ్చేది. అయినా అడగండి.